నా కుడికాలికి సరిపడే బ్రేకు

మదనపల్లెలో టైర్ల అంగడి పెట్టుకుని బతికే ఆడదానికి ట్రాకు మీద తిప్పే కారెందుకని నన్ను అడగని మనిషి లేడు. అడిగినవాళ్లకి ఒక్కో రోజు ఒక్కో జవాబు చెప్పాను. కోపంగా ఉన్న రోజు "నా డబ్బు, నా పెట్రోలు, మధ్యలో నీకేం నొప్పి?" అన్నాను. మనసు బాగున్న రోజు కూర్చోబెట్టి, టీ తెప్పించి, మలుపులో కారు బరువు ఎటు వాలుతుందో, టైరు ఏ పక్క ఎందుకు అరుగుతుందో వాళ్లు లేచిపోయేదాకా చెప్పాను. మొదటి జవాబే నయమని వాళ్లకి అనిపించి ఉంటుంది.

అసలు సంగతి చిన్నదే. బెంగుళూరు నుంచి తిరుపతి పోతున్న ఒకాయన దారిలో మా అంగడి ముందు ఆగాడు. ఆయన టైర్లు ఒక అంచున గీకి పారేసినట్టు అరిగిపోయి ఉన్నాయి. ఇన్నేళ్లుగా టైర్లు చూస్తున్నాను, అట్లాంటి అరుగుదల చూడలేదు. "ఏం చేస్తారు స్వామీ ఈ కారుతో?" అన్నాను. చెన్నై దగ్గర ట్రాకుంది, ఆదివారం వచ్చి చూడమన్నాడు. నేనూ మా ఆయనా పోయి చూశాం. తిరిగి వచ్చాక నాకు అన్నం సహించలేదు. ఆ ఏడాది తిరిగేలోగా ఒక పాత చిన్న కారు కొని, వెనక సీట్లు, తివాచీలు, పాటల పెట్టె అన్నీ పీకేసి, ట్రాకులో తిప్పడం నేర్చుకున్నాను. అక్కడ నేను వేగంలో మొదటిదాన్ని ఏనాడూ కాలేదు, చివరిదాన్ని కూడా కాలేదు. నాకు అది చాలు.

కుప్పంలో ఉండే మా చిన్నమ్మకి మాత్రం ఈ లెక్క ఏనాడూ ఒంటపట్టలేదు. "దుడ్డు కట్టి, గుండ్రంగా తిరిగి, బయల్దేరిన కాడికే వచ్చేదానికి కారు యాలనే? గానుగెద్దునడిగినా సెప్పేది గదా ఆ సుఖం!" అని ఫోన్ చేసినప్పుడల్లా ఎత్తిపొడిచేది.

టమాటా ధర పడిపోయిన రోజుల్లో మార్కెట్ యార్డు దారి ఎట్లుంటుందో మా ఊరివాళ్లకి చెప్పక్కర్లేదు. కొనేవాడు లేక పారబోసిన కాయ రోడ్డంతా నలిగి, పైన ఎండకి తొక్క కట్టి, కింద బురదలాగా జారుతుంది. ఆ దారిలో స్కూటీ మీద పోతూ పడ్డాను. వేగం లేదు, ఎదురుగా బండి లేదు, కుక్క కూడా అడ్డం రాలేదు. మెత్తగా జారిపోయాను, స్కూటీ వచ్చి నా కుడికాలి చీలమండ మీద పడింది. మామూలుగా మనిషి పడితే జాలిపడతారు. రేసు కారు నడిపే మనిషి టమాటా మీద జారి పడిందంటే ఎవరికి జాలి పుడుతుంది? ఆస్పత్రికి చూడ్డానికి వచ్చినవాళ్లు గుమ్మం దగ్గర నవ్వు ఆపుకుని లోపలికి వచ్చేవాళ్లు.

ప్లేట్లు వేశారు, మరలు బిగించారు. అంతా బాగైపోయిందన్న రోజున డాక్టరమ్మ నిదానంగా కూర్చోబెట్టి చెప్పింది. నడుస్తావు, మెట్లెక్కుతావు, అంగడి చూసుకుంటావు, కానీ ఈ చీలమండ ఇంతకుమించి వంగదు అంది. వెడల్పాటి అడుగుతో, చీలమండని గట్టిగా పట్టి ఉంచే నల్లబూటు ఒకటి కొలత తీసి కుట్టించి ఇచ్చింది. బయట తిరిగేటప్పుడు, ఏ పనైనా బలంగా చేసేటప్పుడు అది వేసుకునే ఉండాలని గట్టిగా చెప్పింది. కారు సంగతి నేను అడగలేదు. అడిగితే వద్దంటుందని భయం.

కాలు కాస్త నిలదొక్కుకున్నాక ట్రాకుకి పోయాను. నేరుగా పోయే పొడవాటి దారి ఒకటుంటుంది అక్కడ, దాని చివర మలుపు. మలుపుకి ముందు బ్రేకు గట్టిగా తొక్కాలి. ఊళ్లో తొక్కినట్టు కాదు, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి తొక్కాలి. తొక్కాను. పాదం ముందుభాగం పెడల్ మీదే ఉంది. బలం మాత్రం మోకాలి దగ్గర ఆగిపోయింది. మధ్యలో ఉండే చీలమండ ఆ బలాన్ని కిందికి దిగనివ్వలేదు. కారు ఆగలేదు, తిరగలేదు, నేరుగా పోయి కంకరలో దిగబడింది. ఎవరికీ ఏమీ కాలేదు. ట్రాకు మనుషులు ట్రాక్టరు తెచ్చి లాగేదాకా లోపలే కూర్చుని ఏడ్చాను. హెల్మెట్ పెట్టుకుని ఏడిస్తే ఒక లాభముంది, ఎవరికీ కనపడదు. ఒక నష్టమూ ఉంది, ముక్కు తుడుచుకోలేం.

ఇంటికి వస్తూ దారిలోనే అన్నాను, "అమ్మేద్దాం బావా" అని. మా ఆయన నాకు సొంత మేనమామ కొడుకు. పెళ్లికి ముందు బావే, పెళ్లయినాకా బావే. మాటలు పొదుపు. నేను వాగే దానిలో సగం ఆయన వంతుదే అని మా చిన్నమ్మ అంటుంది. కొద్దిరోజులకి టైర్ల లోడు కోసం కోయంబత్తూరు పోయి, వచ్చేటప్పుడు ఒక అట్టపెట్టె తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. తెరిస్తే ఒక అల్యూమినియం పలక, దాని మీద బిగించిన మూడు పెడళ్లు, వెనక చిన్న చిన్న సిలిండర్లు.

"ఇదేంది?"

"కాలు ఎట్లా మారదు. పెడల్ మారుస్తే మారతాది గదా" అన్నాడు. "ఒకతూరి సూద్దాం. అప్పుడు గూడా కాకపోతే అమ్మేద్దాం."

సరేనన్నాను. ఇదే ఆఖరని ఆయనకి మాటిచ్చాను. ఇది కుదిరితే మళ్లీ ట్రాకు ఎక్కుతాను, కుదరకపోతే నా జన్మకి అదింతే. అంత మాట ఇచ్చేసి రాత్రంతా ఎందుకిచ్చానా అని ఆయన మీదే కోపం తెచ్చుకున్నాను.

ఆ పెడల్ సంగతి రెండు ముక్కల్లో చెప్పాలి. మామూలు కారులో బ్రేకు పెడల్ పైనుంచి కిందికి వేలాడుతుంది. ఇది నేలకి బిగించి ఉంటుంది, కింది నుంచి పైకి లేస్తుంది. పాదం ఆనే పలకని పైకీ కిందికీ పక్కకీ జరుపుకోవచ్చు. మామూలు కారులో తొక్కుడికి సాయం పట్టే బూస్టర్ అనే డబ్బా ఉంటుంది, ఇందులో అది ఉండదు. బదులుగా ముందు చక్రాలకొక సిలిండరు, వెనక చక్రాలకొక సిలిండరు, రెంటికీ మధ్య కావడిబద్ద మాదిరి ఒక కడ్డీ. సాయం పట్టే డబ్బా తీసేస్తే నా కాలికి ఇంకా బరువు కదా అని నేను అడ్డం తిరిగాను. పెడల్ పొడవు పెంచి, సిలిండరు సన్నం చేస్తే బరువు తగ్గుతుందనీ, గునపం పొడుగుండే కొద్దీ బండ సులువుగా లేస్తుంది కదా అనీ మా ఆయన అన్నాడు. నిజమే, కానీ నా కాలికి ఎంత పొడవు, ఎంత ఎత్తు? అది పెట్టెలో రాసి లేదు.

మదనపల్లెలో నాకు తెలిసిన మెకానిక్కులు చూసి నమస్కారం పెట్టేశారు. "వేరే ఏదైనా చెప్పక్కా చేస్తాం, బ్రేకుతో వద్దు" అన్నారు. వాళ్ల మాట వాళ్లది, తప్పు పట్టలేను. వాళ్లలో ఒకడే పుంగనూరులో ఒకాయన ఉన్నాడని చెప్పాడు. కాళ్లు సరిగా లేనివాళ్లకి స్కూటీలకి పక్క చక్రాలు కట్టి, కారు బ్రేకుని చేతితో పట్టేటట్టు మార్చి ఇస్తాడట.

పుంగనూరంటే అందరికీ పొట్టి ఆవులు గుర్తొస్తాయి. నాకు బ్రేక్ ఆయిల్ వాసన గుర్తొస్తుంది. ఊరి బయట రోడ్డు పక్కన రేకుల షెడ్డు ఆయనది. అరవై దాటిన మనిషి, గొంతు మాత్రం బస్టాండులో అమ్ముకునేవాళ్లది. తన పనిని తనే పొగుడుకుంటాడు. పొగుడుకునేంత బాగానూ చేస్తాడు, అదే చిక్కు, ఏమీ అనలేం. షెడ్డులో గోడకి గంగమ్మ తల్లి పటం, దాని కింద ఆరిపోని దీపం. నేల మీద నూనె మరక ఉండదు. గడప దాటి ఎవరూ చెప్పులతో లోపలికి పోకూడదు. మా వైపు లారీ డ్రైవర్లు చాలామంది చెప్పులు సీటు కింద పెట్టి ఒట్టికాళ్లతోనే నడుపుతారు, బండి లక్ష్మి కదా. నేనూ ఊళ్లో అట్లాగే నడుపుతాను. కాబట్టి నాకేమీ వింతనిపించలేదు. గడప దగ్గర నా నల్లబూటు విప్పి, మా ఆయన భుజం పట్టుకుని కుంటుకుంటూ లోపలికి పోయాను. ఇది డాక్టరు బూటని నేను చెప్పలేదు. గుడి మెట్ల దగ్గర ఎవరన్నా కారణాలు చెబుతారా?

పెట్టె తెరిచి చూస్తాడనుకున్నాను. ఆయన పెట్టె వైపే చూడలేదు.

"అది యాడికీ పోదు. ముందు కాలు సూపించు మా" అన్నాడు.

పక్కనున్న పాత సామాన్ల అంగడి నుంచి ముల్లు తిరిగే తూకం ఒకటి తెప్పించి నేల మీద పెట్టించాడు. నన్ను టమాటా క్రేటు బోర్లించి దాని మీద కూర్చోమన్నాడు. ఎడమకాలితో తూకాన్ని తొక్కమన్నాడు, తొక్కాను. ముల్లు గిర్రున తిరిగింది. కుడికాలితో తొక్కమన్నాడు. ఎప్పటి మాదిరే పాదం ముందుభాగం ఆనించి తొక్కాను. ముల్లు కదిలీ కదలనట్టు కదిలింది. ఆ ముల్లుని చూస్తుంటే నాకు ట్రాకులోని కంకరే కనపడింది. "చాలన్నా, పోతాం" అని లేవబోయాను.

"కూకో మా. అంత కోపమైతే ఎట్లా? వేళ్లతో తొక్కొద్దు. పాదం నడిమికి ఆనించి, తొడ బలంతో అదుము."

అదిమాను. ముల్లు ఎడమకాలు ఎక్కడిదాకా తీసుకుపోయిందో దాదాపు అక్కడిదాకా పోయి వణుకుతూ నిలిచింది.

"సూడు! సూడు!" అని షెడ్డంతా దద్దరిల్లేలా అరిచాడు. "కాలు బాగుండాది మా! పెడలే తప్పు సోట ఉండాది!"

ఆపరేషన్ అయిన రోజు నుంచి నా కాలు గురించి ఎంతమంది ఎన్ని చెప్పారో. వంగదన్నారు, జాగ్రత్తన్నారు, పాపమన్నారు, ఇంకా నయం అన్నారు. బాగుందని చెప్పిన మొదటి మనిషి ఆయన.

ఆ తర్వాత ఆదివారాలన్నీ పుంగనూరులోనే గడిచాయి. ఇంజనుకీ మన కాళ్లకీ మధ్య ఉండే రేకు గట్టిగా తొక్కితే వంగిపోతుందని దాని వెనక ఉక్కు పలక వేశాడు. పాత పెడల్ పీకేసి, కొత్తదాన్ని నేలకి బిగించాడు. బ్రేకు పలక పాదం నడిమికి వచ్చేటట్టు కిందికి దించాడు. నా పాదం ఎటు ఆనినా జారకుండా దాన్ని వెడల్పు చేశాడు. ప్రతి మార్పుకీ నన్ను కూర్చోబెట్టి తొక్కించాడు. "ఇప్పుడెట్లుండాది?" "ఇంకొంచెం వాల్చన్నా." "ఇప్పుడు?" "ఎక్కువైంది." "నీకు నచ్చేదానికి నేను ఇంకో జన్మ ఎత్తల్ల మా!" అనేవాడు. మళ్లీ విప్పి బిగించేవాడు. నేనైతే ఆ ఓపికకి సుత్తి విసిరికొట్టి ఉండేదాన్ని.

ఆఖరుగా బ్రేక్ ఆయిల్ గొట్టాల్లో గాలి తీసే పని. నేను లోపల కూర్చుని పెడల్ తొక్కాలి. ఆయన చక్రం దగ్గర పడుకుని మర వదులు చేస్తాడు. కారే ఆయిల్ కింద మా ఆయన సీసా పట్టుకుంటాడు. "తొక్కు… పట్టుకో… ఇడు" అని ఆయన అరుస్తుంటే సీసాలో బుడగలు వచ్చేవి. మెత్తగా లోపలికి పోయే పెడల్ నా ఒట్టి అరికాలి కింద కొంచెం కొంచెంగా గట్టిపడుతూ వచ్చింది. బుడగలు ఆగిపోయినప్పుడు తొక్కితే రాయిని తొక్కినట్టుంది. మూడు పెడళ్లకీ కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, "బిడ్డను కాపాడు తల్లీ" అని పటం వైపు తిరిగి దణ్ణం పెట్టాడు. ఆయన కళ్లు మూసుకున్నంతసేపూ నేను ఆయన్నే చూస్తూ నిలబడ్డాను. నేనెవరు ఆయనకి? కారు తెచ్చిన గిరాకీ.

ట్రాకుకి పోయేముందు ఎక్కడన్నా ఖాళీ చోట నడిపి చూడాలి. కుప్పంలో మా చిన్నమ్మకి గ్రానైటు బండల యార్డుంది. బాబాయి పోయినాక ఆమే చూసుకుంటుంది. లారీలు తిరిగే విశాలమైన నేల, ఆదివారం మిషన్లుండవు. అడిగితే "రా, వచ్చి నా బండలు పగలగొట్టు" అంది. అంటే రమ్మనే. టమాటా లోడు దించి ఖాళీగా పోతున్న వ్యాన్‌ మీద కారు ఎక్కించి, తాళ్లతో కట్టి, పలమనేరు మీదుగా కుప్పం చేర్చాం. గ్లాసు మజ్జిగ ఇచ్చి, కారు చుట్టూ తిరిగి చూసి, "లోపల ఏమీ లేదే, దొంగలు పడినారా?" అంది చిన్నమ్మ.

నల్లబూటు వేసుకుని, సీటు బెల్టులు కట్టుకుని కూర్చున్నాను. మొదట నిదానంగా తిప్పాను, బాగుంది. యార్డు ఒక కొసన నిలువుగా ఆనించిన గ్రానైటు పలకల వరుసలున్నాయి. వాటికి దూరంగా మా ఆయన ఒక సున్నపు గీత గీశాడు, అక్కడికొచ్చేసరికి తొక్కాలని. ఈసారి వేగం తెచ్చాను. గీత వచ్చింది. పాదం నడిమి పలకకి ఆనించి, తొడ బలమంతా పెట్టి అదిమాను.

ఇంజను గీపెట్టి అరిచింది. బ్రేకు తొక్కుతున్నాను, కారు ముందుకి గుంజుతోంది. టైర్లు కీచుమంటున్నాయి. ఇంకా గట్టిగా తొక్కితే ఇంకా గట్టిగా అరుస్తోంది. ఎదురుగా పచ్చటి పలకలు పెద్దవవుతున్నాయి. ఎట్లా తట్టిందో తెలీదు, తాళం తిప్పేశాను. ఇంజను ఆగిపోయింది, బ్రేకు పట్టింది, పలకలకి ఇంకా చోటుండగానే కారు నిలబడింది. రాతిపొడి ఒక్కసారిగా పైకి లేచింది. అందులోంచి చిన్నమ్మ కేకలు మాత్రం వినబడుతున్నాయి. కాలు పెడల్ మీద నుంచి తీయడానికి చేతులతో ఎత్తాల్సి వచ్చింది. అయిపోయింది, ఇంక ఇంతే, అనుకున్నాను.

దుఃఖం వస్తే నాకు ముందు కోపంగా వస్తుంది. ఫోన్ తీసి పుంగనూరుకి చేశాను.

"బ్రేకు తొక్కితే బండి ఉరుకుతాండాది అన్నా! నన్ను సంపేదానికేనా అంత దణ్ణం పెట్టినావు?"

"నోరు అదుపులో పెట్టుకో మా! నేను బిగించింది తప్పు కాదు. నువ్వు కాలు యాడ పెడతాండావో సూసుకో!"

"వచ్చి సూసుకో పో!"

"వస్తాండాను!" అని పెట్టేశాడు.

నిజంగానే వచ్చాడు. ఎండలో పుంగనూరు నుంచి కుప్పం దాకా తన మోటారు సైకిల్ మీద, వెనక సంచీలో పనిముట్లు వేసుకుని. ముఖం కందగడ్డలా ఉంది. నా వైపు చూడకుండా నేరుగా కారు దగ్గరికి పోతుంటే చిన్నమ్మ అడ్డం నిలబడింది. "కొట్లాట తర్వాత. ముందు రెండు ముద్దలు తిను" అని రాగి సంగటి, నంజుకునేదానికి ఊరిబిండి పచ్చడి పెట్టింది. కోపంగా తింటూనే ఇంకో ముద్ద అడిగి పెట్టించుకున్నాడు.

తిన్నాక చెప్పులు విప్పి కారులో కూర్చున్నాడు. స్టార్టు చేసి బ్రేకు తొక్కాడు. ఇంజను ఊరికే గుర్రుమంటోంది తప్ప అరవలేదు. "ఏముండాది? బంగారం మాదిరి ఉండాది" అన్నాడు. మా ఆయన చెప్పులు విప్పి కూర్చుని తొక్కాడు. బంగారమే. "దిగు బావా" అని నేను కూర్చుని తొక్కాను. యార్డంతా మారుమోగేలా ఇంజను అరిచింది.

అప్పుడు చిన్నమ్మ నేల వైపు చూసింది. కారు తలుపు పక్కన రాతిదుమ్ములో ఆయన చెప్పులు, మా ఆయన చెప్పులు వరుసగా విప్పి ఉన్నాయి. గుడి కాదు, ఇల్లు కాదు, ఆరుబయట బండల యార్డు. కాళ్లకి ఏదైనా వేసుకుని కారెక్కింది నేనొక్కదాన్నే.

"అందరూ కలిసి పూజగదికి బ్రేకు సేసినారప్పా" అంది చిన్నమ్మ.

అప్పుడు అందరికీ వెలిగింది. అన్ని ఆదివారాలు నన్ను ఒట్టికాలితోనే కూర్చోబెట్టి కొలిచాడు. ఒట్టిపాదం సన్నం. వెడల్పు చేసిన పలక మీద ఎటు జరిగినా పక్క పెడల్‌కి తగలదు. నల్లబూటు అడుగు వెడల్పు, పైగా నా చీలమండ తిరగదు కాబట్టి పాదం పక్కకి వంచి తప్పించుకోలేను. బ్రేకు గట్టిగా అదిమిన ప్రతిసారీ బూటు అంచు యాక్సిలరేటర్‌ని కూడా తొక్కేస్తోంది. మా ముగ్గురిలో ఎవరికీ అది తట్టలేదు. బండి అంటే చెప్పులు విప్పి ఎక్కేది అని పుట్టుకతో ఒంట్లోకి ఎక్కిపోయిన వాళ్లం.

నాకు నవ్వొచ్చింది, ఆయనకి రాలేదు. నా బూటు వైపే చూస్తున్నాడు.

"ఇది మామూలు బూటు కాదే" అన్నాడు.

"ఆస్పత్రిలో ఇచ్చినారన్నా. బలంగా తొక్కాలంటే ఇది ఏసుకోవాల."

"మరి షెడ్డులో యాల ఇప్పినావు?"

"నీ గడప దగ్గర అందరూ ఇప్పుతారు గదా."

"కాలికి కమ్మీల బూట్లు ఏసుకోని వచ్చేవోళ్లు ఎంతమంది వస్తారు నా కాడికి. వాళ్లని ఇప్పమని నేను ఎప్పుడన్నా సెప్పినానా? ఒక్క మాట సెప్పుంటే ఏం పోయేది మా?"

ఆ మాటలో కోపం లేదు. కారు తలుపు పట్టుకుని దిగి, ఆయన కొలవడానికి వీలుగా ఉంటుందని బూటు విప్పి పక్కన పెట్టాను. ఆయన సంచీలోంచి కొలత పట్టీ తీసి, కారు లోపలికి చూసి, ముందు అద్దానికి తను అంటించిన అమ్మవారి చిన్న పటాన్ని చూసి, కాసేపు అట్లాగే నిలబడ్డాడు. తర్వాత వంగి నా బూటు చేతిలోకి తీసుకున్నాడు. భుజం మీది తువ్వాలుతో దాని అడుగున అంటిన రాతిపొడి తుడిచాడు. నన్ను సీట్లో కూర్చోమని, తను నేల మీద మోకాళ్లు ఆనించి, నా కాలికి బూటు తొడిగాడు.

"వద్దన్నా! పెద్దవాడివి, నువ్వు ముట్టుకోకూడదు" అని కాలు లాక్కున్నాను.

"ఊరుకో మా. ఇది సెప్పు కాదు, నీ కాలే. కాలు పెట్టు పెడల్ మీద. తల్లి ఏమీ అనుకోదు."

పెట్టాను. మా నాన్న వయసు మనిషి, గడప దాటి ఒక్క చెప్పుని రానివ్వని మనిషి, నా బూటుని రెండు చేతులా పట్టుకుని, ఇటు కొంచెం, అటు కొంచెం అని పెడల్ మీద సరిచేస్తూ కూర్చున్నాడు. పలక అంచు మీద సుద్దతో గీత పెట్టాడు. నేను సీటు అంచు పట్టుకుని ఎదురుగా ఉన్న బండల్ని చూస్తూ ఉండిపోయాను. "అన్నా, పొద్దున…" అన్నాను. "నేనూ అన్నాను గదా, సరికి సరి" అన్నాడు తల ఎత్తకుండా.

బండలు అరగదీసే గ్రైండరుతోనే చిన్నమ్మ ఆ అల్యూమినియం పలక అంచు అరగదీయించింది. "గ్రానైటు కోసే సేతికి ఇదో లెక్కా?" అని ఆమె కూడా పొగుడుకుంది, ఆయన దగ్గర అంటుకున్న జబ్బేమో. యాక్సిలరేటర్ పెడల్‌ని ఆయన ఇంకాస్త పక్కకి జరిపి బిగించాడు. మళ్లీ వేగం తెచ్చి, సున్నపు గీత దగ్గర అదిమాను. ఇంజను నోరు మూసుకుంది. కారు నిలబడింది. మళ్లీ చేయమన్నాడు, మళ్లీ చేశాను. పొద్దు వాలేదాకా చేయిస్తూనే ఉన్నాడు. పోయేముందు మాత్రం నా దగ్గరికి వచ్చి, "ట్రాకులో మొదటి రౌండు నిమ్మళంగా పో మా" అన్నాడు. ఆయన అంత మెల్లగా మాట్లాడటం అదే నేను వినడం.

ట్రాకుకి పోయిన రోజు మబ్బుగా ఉంది. మొదటి రౌండు ఆయన చెప్పినట్టే నిమ్మళంగా పోయాను. రెండో రౌండులో ఆ పొడవాటి దారి ఎక్కాను. చివర ఆ మలుపు, దాని పక్కన ఆ కంకర. కారు అమ్మేయాలా, ఉంచుకోవాలా అనేది అక్కడే తేలిపోవాలి. తొక్కాల్సిన చోటు వచ్చింది, తొక్కాను. కారు ముక్కు దించి, నాలుగు చక్రాలతో నేలని పట్టుకుని, నేను ఎంత అడిగితే అంత తగ్గింది. తిప్పితే తిరిగింది. కంకర నా పక్కనుంచి వెనక్కి పోయింది. మళ్లీ రౌండు, మళ్లీ అదే మలుపు. ఇంకాస్త ఆలస్యంగా తొక్కి చూశాను. ఇంకో రౌండులో ఇంకాస్త. ముందు పోతున్న ఎర్రకారు వాడు మలుపులో ఎక్కువ బయటికి పోతున్నాడని కనిపెట్టాను, వాడిని లోపలి పక్కనుంచి దాటాను. దాటి గట్టిగా అరిచాను కూడా. మా చిన్నమ్మ వినుంటే గానుగెద్దు రంకె వేసిందనేది.

జెండా ఊపితే లోపలికి వచ్చి ఆపాను. మా ఆయన పరిగెత్తుకుంటూ వచ్చి కిటికీ దగ్గర వంగాడు. ఆ పూటంతా గోడ దగ్గర ఊపిరి బిగపట్టి నిలబడినట్టున్నాడు, ముఖంలో రక్తం లేదు.

"కాలు ఎట్లుండాది?" అన్నాడు.

"ఏ కాలు?" అన్నాను.

ఎగతాళికి కాదు, నిజంగానే అడిగాను. ఆయన కిటికీలోంచి చెయ్యి లోపలికి పెట్టి, నా మోకాలి మీద వేసి, అట్లాగే నిలబడిపోయాడు.